ఇసుకలో దాచిన కుండలు

బడిలో చరిత్ర పాఠాలు చెప్పీ చెప్పీ విసిగిపోయిన ఆ టీచర్‌కు, మ్యూజియంలో పిల్లల వేసవి శిబిరం నడిపే పని దొరికినప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఈసారి పాఠం చెప్పదలచుకోలేదు. పిల్లల చేతే తవ్వించి, దొరికిన పెంకులు అతికించి, ఆ కుండ ఎవరిదో వాళ్ళనే ఊహించమనాలని ఆమె ఉబలాటం.

మట్టి కుండలు కొనుక్కొచ్చింది. వాటి మీద బొమ్మలు వేసింది అత్తగారు. చేయి వణుకుతున్నా చుక్కలు, చేపలు, అలలు ఓపిగ్గా దిద్దింది.

"ఈ గీత వంకర పోయిందే, ఫరవాలేదా?"

"ఫరవాలేదత్తయ్యా. ఆ కాలంలో మాత్రం అందరికీ చెయ్యి తిరిగుంటుందా?"

తీరా కోడలు సుత్తి పట్టుకుని వాటిని పగలగొడుతుంటే ఆవిడ చూడలేక లోపలికి వెళ్ళిపోయింది. ఆ పెంకులను టీచర్ మ్యూజియం వెనక వరండాలో, ఒక చెక్కతొట్టి నిండా ఇసుక పోయించి కప్పిపెట్టింది.

మొదటి రోజులు హాళ్ళలోనే గడిచాయి. ఏది చూడబోయినా కాపలా మనిషి "ముట్టుకోవద్దు" అనేవాడు. పిల్లలు ఆవులింతలు తీశారు. వాళ్ళలో ఒక పిల్ల ప్రశ్నల పుట్ట. రాజుగారి బొమ్మ ముందు నిలబడి, "టీచర్, ఈయన అలిగితే అన్నం ఎవరు తినిపించేవాళ్ళు?" అని అడిగింది. పక్కనున్న బోర్డులో ఆయన గెలిచిన యుద్ధాలు తప్ప ఇంకేమీ లేవు. రేపు తవ్వకాలు మొదలెడదామని టీచర్ మాటిచ్చింది.

మర్నాడు వచ్చి చూస్తే తొట్టిలో ఇసుక లేదు. శుభ్రంగా కడిగి కాగితం పూలు పెట్టారు. టీచర్ పరుగున మ్యూజియం అధికారి గదికి వెళ్ళింది.

"పెద్దవాళ్ళు చూడ్డానికొస్తున్నారమ్మా. వరండాలో ఆ ఇసుకా, పెంకులూ ఏంటి? తీయించేశాను."

"పిల్లల కోసం పెట్టాను సార్. మీకు ముందే చెప్పాను కదా."

"చెప్పావేమో. అట్ట కిరీటాలు చేయించు. ఫోటోల్లో బావుంటాయి."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తలుపు దగ్గరికి వేసి బయటికొచ్చింది. పిల్లలేమో ఇంటి నుంచి చెంచాలు, బ్రష్షులు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. తవ్వకాలు లేవని చెప్పేసరికి ముఖాలు వేలాడేశారు.

"ఎక్కడ పడేశారు టీచర్?" అంది ప్రశ్నల పుట్ట.

వెనక గోడ పక్కన, చెత్త వేసే చోట ఎండుటాకుల మీద పోశారు. ఆమె అటూ ఇటూ చూసి, పిల్లల్ని అక్కడికే తీసుకెళ్ళింది. ఇక చూడాలి వాళ్ళ హడావిడి. చేప తల దొరికింది, అలలు దొరికాయి. వాటితోపాటు కళ్ళజోడు పుల్ల, అరిగిన పళ్ళ బ్రష్షు కూడా బయటపడ్డాయి.

"ఇక్కడెవరో ఉండేవాడు. చూపు ఆనేది కాదు, పళ్ళు మాత్రం బాగా తోముకునేవాడు" అని తేల్చింది ప్రశ్నల పుట్ట. శిబిరం మొదలయ్యాక టీచర్ మనసారా నవ్వింది అప్పుడే.

ఆ నవ్వు ముగియకముందే అధికారి వచ్చాడు. "చెత్తలో దింపుతావా పిల్లల్ని? ఏదైనా గుచ్చుకుంటే వాళ్ళ అమ్మానాన్నలకి ఎవరు సమాధానం చెప్తారు?"

అప్పటికే ఒక పిల్లాడి వేలు గీసుకుపోయి రక్తం చిమ్మింది. ఆమె తన చేతిరుమాలు ఆ వేలికి చుట్టింది. తప్పు తన మీదకే రావడం ఆమెను ఇంకా కాల్చింది. తొట్టిలో ఇసుక అలాగే ఉంచి ఉంటే ఈ గోడ పక్కకు వచ్చే పనే లేదన్న మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

మిగిలిన రోజులన్నీ కిరీటాలే. ముగింపు నాడు తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీసుకున్నారు. దొరికిన పెంకులతో పిల్లలు మధ్య మధ్యలో సగం దాకా అతికించిన కుండను అధికారి బల్ల కిందికి తోయించాడు. ప్రశ్నల పుట్ట దాన్ని లాగి నాన్నకు చూపించింది.

"విరిగిపోయింది కదమ్మా, అక్కడ పెట్టెయ్" అన్నాడాయన ఫోన్లోంచి తల ఎత్తకుండా.

సాయంత్రం అధికారి ఆమెను మెచ్చుకుని, వచ్చే ఏడాదీ రమ్మన్నాడు. కుదరదండీ అని చెప్పి బస్సెక్కింది.

ఇంట్లో అత్తగారు గుమ్మంలోనే అడిగింది. "పిల్లలు కుండలు అతికించారా?"

"అన్నీ దొరకలేదత్తయ్యా" అని చెప్పులు విడిచింది. అంతటితో సరిపెడదామనుకుంది. కానీ ఇన్నాళ్ళూ మింగిందంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. అత్తగారు పొయ్యి కట్టేసి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"మొదట్నుంచీ చెప్పు" అంది.