గుడియాత్తం మట్టితో జపాన్ టీ గిన్నె

మా బాగాయం ఇంటి మేడ మీద గదిలో ఒక జపాన్ ఆవిడ రెండేళ్ళు అద్దెకున్నారు. నర్సులకు పాఠాలు చెప్పడానికి వేలూరు వచ్చిన మనిషి. వయసు అరవై దాకా ఉంటుంది. ఒక్కో మాటా ఏరుకుంటూ తమిళం మాట్లాడేవారు. ఒక ఆదివారం పొద్దున నన్ను టీకి పిలిచారు.

పైకి వెళ్ళేసరికి గదంతా ఖాళీ చేసి చాప పరిచి ఉంది. మూల కుంపటి మీద నీళ్ళు సన్నగా కూస్తున్నాయి. నన్ను మోకాళ్ళు మడిచి కూర్చోబెట్టి ముందు ఒక కొబ్బరి బర్ఫీ తినమన్నారు. తర్వాత పావుగంటసేపు ఒక్కో పనీ నెమ్మదిగా చేశారు. గుడ్డ మడిచారు, చెంచా తుడిచారు, గిన్నె కడిగారు. ఆకుపచ్చటి టీ పొడిలో వేడినీళ్ళు పోసి, చిన్న వెదురు కవ్వంతో నురగ వచ్చేదాకా చిలికారు. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. అయినా చూపు తిప్పుకోలేకపోయాను.

అప్పుడు గిన్నె నా చేతికిచ్చారు. నేను మా నాయన కట్టే ఇళ్ళకు ప్లాన్లు గీస్తాను. గీత వెంట్రుకవాసి పక్కకు పోయినా నాకు మనసొప్పదు. ఆ గిన్నె అంచు ఎగుడుదిగుడుగా ఉంది, ఒక పక్క వాలి ఉంది. కానీ నా చేతుల కొలత తీసుకుని చేసినట్టు రెండు అరచేతుల్లో కుదురుకుంది.

"ఇక్కడి మట్టితో ఒకటి చేయించాలని వచ్చినప్పటినుంచీ ఆశ. అడిగినవాళ్ళందరూ నున్నగా, గుండ్రంగా చేసిచ్చారు" అన్నారావిడ.

చేయించే పని నాదన్నాను.

మరుసటి శనివారం ఆ గిన్నెను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని గుడియాత్తం బస్సెక్కాను. పళ్ళికొండ దాటేదాకా బస్సు ఎగిరిన ప్రతిసారీ నా ప్రాణం ఎగిరింది. ఒకప్పుడు మా నాయనకు ఇంటి పెంకులు చేసిచ్చిన కుమ్మరి తాత అక్కడ ఉన్నాడు. గిన్నె చూడగానే ఆయన ముఖం చిట్లించాడు.

"ఏందిమ్మా ఇది, ఇంత వంకరగా ఉండాది? మా మనవరాలు ఇంతకన్నా బాగా చేస్తాది."

"ఒకసారి పట్టుకో తాతా."

పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని వేళ్ళతో లోపలంతా తడిమాడు.

"సారె మీద తీసింది కాదు. చేత్తో గిల్లి గిల్లి పైకి లేపినాడు. యాడివాడోగానీ రొంబ గట్టి పనోడమ్మా" అన్నాడు చివరికి. వెంటనే మన్ను పిసకడం మొదలుపెట్టాడు.

ఆ రోజు అయిదు గిన్నెలు చేశాడు. మొదటి రెండూ ఎంత ఆపుకున్నా గుండ్రంగానే వచ్చాయి. "యాభై ఏండ్ల అలవాటు, చెయ్యి వినదు" అని తనే నవ్వుకున్నాడు. ఆరబెట్టి ఆవంలో కాలిస్తే ఆ రెండూ, ఇంకొకటీ పగిలాయి. మిగిలిన రెండింట్లో నీళ్ళు పోస్తే బయటికి చెమర్చాయి. కాట్పాడి పక్కన గాజుపూత వేసి కాల్చేవాళ్ళున్నారని తాతే చెప్పాడు. ఇద్దరం ఆ రెండు గిన్నెలూ పట్టుకుని అక్కడికి వెళ్ళాం. బట్టీ తెరిచినప్పుడు ఒకటి అడుగున పలకకు అతుక్కుపోయి విరిగింది. రెండోది నల్లగా, వానలో తడిసిన బండరాయిలా మెరుస్తూ బయటికొచ్చింది. తాత నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరం చిన్నపిల్లల్లా ఒకరినొకరు చూసుకున్నాం.

ఆ గిన్నెలో మొదటి టీ తాతకే ఇవ్వాలన్నారు జపాన్ ఆవిడ. ఆదివారం తాత ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. చాప మీద నాకంటే సుళువుగా కూర్చున్నాడు. ఆమె టీ చిలికి, గిన్నెను నెమ్మదిగా తిప్పి ఆయన ముందు పెట్టి వంగి నమస్కరించారు.

"ఎందుకమ్మా తిప్పినావు?" అని తమిళంలో అడిగాడు తాత.

"ప్రతి గిన్నెకూ ఒక ముఖం ఉంటుంది. దాన్ని అతిథి వైపు పెట్టాలి" అన్నారావిడ.

"దీనికి ముఖం యాడుండాది?"

ఆమె వేలితో చూపించారు. అంచుకు కాస్త కింద, పూత అడుగున తాత బొటనవేలి నొక్కు ఉంది. అంతవరకూ నేనూ చూడలేదు, చేసిన ఆయనా చూడలేదు. తాత తన బొటనవేలిని అందులో ఆనించాడు. కళ్ళు తుడుచుకుని, టీ మూడు గుక్కల్లో తాగేశాడు.

"ఎలా ఉంది తాతా?"

"పసరు తాగినట్టుండాది" అన్నాడు గంభీరంగా. నేను తమిళంలో చెప్పేలోగానే ఆవిడకు అర్థమైపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

సోమవారం తెల్లవారగానే తాత ఫోన్ చేశాడు. "మేల్పాడిలో ఎర్రమన్ను బాగుంటాదంట. నువ్వొస్తే పోయి చూద్దాం, వస్తావామ్మా?"

నేను అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాను.