కార్డు లేని పేరు

ఖోలీలనే ఒంటిగదులు వరసగా ఉండే మా చాల్‌లో దయ్యాల ముచ్చట్లకు కరువుండేది కాదు. మెట్ల కింద ఎవరినో చూశామని ఒకరు, కుళాయి దగ్గర ఎవరో పిలిచారని ఇంకొకరు చెబుతూనే ఉండేవారు. ఒక్కో ఖోలీలో ఎనిమిదిమంది పడుకునే చోట దయ్యానికి జాగా ఎక్కడుందని నేను నవ్వేదాన్ని. ఇప్పుడు కూడా నమ్మను. అందుకే ఈ సంగతి చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల చివర్లో జరిగింది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మా తాత ఇళ్లు కట్టే పనికి బొంబాయి వచ్చినప్పటి నుంచి మావాళ్లున్న కామాఠీపురా ఖోలీలోనే నేనూ ఉండేదాన్ని. అమ్మ పోయిన ఏడాదికి అన్న పెళ్లాం పిల్లలతో ధారావికి మారాడు. రమ్మన్నాడు గాని, ఆ ఇరుకులో నేను ఎక్కడ పడుకోవాలో వదినకూ తెలియదు, నాకూ తెలియదు. ఉండిపోయాను. అంతమంది ఉన్న చాల్‌లో ఒక్క మనిషికి ఒక ఖోలీ ఉండడం అదృష్టమని అందరూ అనేవారు. నాకు మాత్రం సాయంత్రం పని నుంచి వచ్చి ఆ తాళం తీయబుద్ధయ్యేది కాదు.

ఫోరస్ రోడ్ దగ్గర ఒక ట్రస్టు నడిపే చిన్న క్షయ దవాఖానలో నా ఉద్యోగం. ఎవరో దాత ఇచ్చిన కంప్యూటర్ ఒకటి అక్కడ ఉండేది. దాన్ని నడిపేదాన్ని నేనొక్కదాన్నే. ఆకుపచ్చ అక్షరాల తెర, రెండు ఫ్లాపీలు పెట్టే గూళ్లు, పక్కన కరకరమని చప్పుడు చేసే ప్రింటర్. మిషన్‌ను లోపల నుంచి నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ పేరు సీపీఎం. ఆ మాట విని మా గల్లీలో కొందరు నేనేదో పార్టీ ఆఫీసులో పని చేస్తున్నానని అనుకునేవారు.

ఆ సరికి ఊరంతా డాస్ అనే కొత్త సిస్టమ్‌కు మారిపోయింది. మా మిషన్‌కు విడిభాగాలు దొరకడం కష్టమైంది. దాని ఫ్లాపీలు కొత్త కంప్యూటర్లు చదవవు. నేను ఆదివారం పొద్దున దాదర్‌లో ఒక క్లాసుకు పోయి డాస్ నేర్చుకుంటున్నాను. అక్కడ ఎక్కడ ఉంటావని అడిగితే పక్కనున్న బైకుల్లా పేరు చెప్పేదాన్ని. సానివాడలకు పేరుపడ్డ కామాఠీపురా అంటే వాళ్ల ముఖాలు ఎలా మారతాయో నాకు తెలుసు. అందుకని క్లాసులోనూ ఎవరితో స్నేహం కుదరలేదు.

ఒకరోజు డాక్టర్ బాయి పిలిచింది. అరవై దగ్గర పడ్డ మరాఠీ ఆవిడ, మాటలు తక్కువ. డాస్‌తో నడిచే కొత్త మిషన్ ఇస్తామని దాత కబురు పెట్టాడట. తీసుకుంటే రోగుల వివరాలన్నీ మళ్లీ మొదటి నుంచి టైపు చేయాలి. పాతదే ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చా, మార్చాలా అన్నది రెండు నెలల్లో రాసివ్వమంది. మిషన్ సంగతి ఆమెకు తెలియదు గనుక నా మాటే చివరి మాట.

మార్చాలనే అనుకున్నాను. పాత సిస్టమ్ తప్ప మరేదీ చేతిలో లేని ఆపరేటర్‌ను రేపు ఎవరు పనిలో పెట్టుకుంటారు?

మా మిషన్ చేసే ముఖ్యమైన పని శనివారం ఉండేది. ఆ వారం మందులకు రాని రోగుల పేర్లు, చిరునామాలు మధ్యాహ్నం మూడింటికి అచ్చు తీసేదాన్ని. ఆ కాగితం పట్టుకుని పోశవ్వ గల్లీలు తిరిగేది. పోశవ్వ దవాఖానలో ఆయా, యాభై ఏళ్ల మనిషి. ఇంగ్లీషు చదవలేదు. నేను పేర్లు చదివి చెబితే గుర్తు పెట్టుకునేది. మందు మధ్యలో మానేసినవాళ్లను బతిమాలో తిట్టో తీసుకొచ్చేది.

ఒక శనివారం జాబితా చివర ఒక పేరు వచ్చింది. కిష్టమ్మ. కింద గల్లీ నంబరు, చాల్ పేరు, రెండో అంతస్తు, ఖోలీ నంబరు. ముందు ఉండాల్సిన కార్డు నంబరు మాత్రం లేదు. కొట్టేటప్పుడు నేనే మరిచానేమో అనుకుని పోశవ్వకు చదివి చెప్పాను.

సోమవారం ఆమె వచ్చి, "ఆ ఖోలీ ఉంది బేటీ. కిష్టమ్మ అనేటామె లేదు. ఎవరో లక్ష్మి ఉంటదట. పనికి పోయింది, తాళమేసి ఉంది," అంది.

కార్డుల పెట్టె వెతికాను. ఆ పేరుతో, ఆ చిరునామాతో కార్డు లేదు. ఫ్లాపీలో వెతికించాను. అక్కడా లేదు.

తర్వాతి శనివారం మళ్లీ వచ్చింది. ఈసారి తెర మీద లెక్క చూశాను. రాని వాళ్లు ముప్పైఒక్క మంది. కాగితం మీద ముప్పైరెండు. బీరువాలో ఉన్న నకలు ఫ్లాపీ తీసి పెట్టి ఇంకోసారి అచ్చు తీశాను. ఆ కాగితం మీదా చివరి వరుసలో కిష్టమ్మే. ఆ గది తాళం చెవులు నా దగ్గర ఒకటి, డాక్టర్ బాయి దగ్గర ఒకటి ఉండేవి. ఆమె ఏనాడూ కీబోర్డు ముట్టలేదు.

మిషన్ బాగుచేసే ఇంజనీరును పిలిపించాను. అతను గంటసేపు చూసి ప్రోగ్రామ్‌లో గాని, డిస్క్‌లో గాని ఆ పేరు లేదని తేల్చాడు. పాతబడిన సామాను, వదిలించుకోండి అని నవ్వి వెళ్లిపోయాడు.

మూడో శనివారం ఆ పేరు చూడగానే నాకు భయమేసింది. భయం దయ్యానికి కాదు. నేను తప్పుడు వివరాలు ఎక్కించానని అనుకుంటారేమోనని. ఆ చివరి వరుసను చింపేసి మిగతా కాగితం పోశవ్వకిచ్చాను. చింపిన ముక్కను ఎందుకో పారేయలేదు, సొరుగులో పెట్టాను. ఆ చింపడం గురించి ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నాలుగో శనివారం కూడా వచ్చింది. మర్నాడు క్లాసు ఎగ్గొట్టి ఆ చిరునామాకు నేనే బయలుదేరాను. మా చాల్‌కు మూడు గల్లీల అవతల. పొద్దున పదకొండు గంటల వేళ. మెట్ల మీద పిల్లలు గోళీలాడుతున్నారు. ఎవరింట్లోనో ఎండుచేపలు వేగుతున్నాయి. రెండో అంతస్తు వరండా కొసన ఒక ఆడమనిషి నాకు వీపు పెట్టి తడిచీర వరండా కమ్మీల మీద ఆరేస్తూ దగ్గుతోంది. చీర సగం వేసి ఆగి, కమ్మీ పట్టుకుని దగ్గి, మళ్లీ వేస్తోంది.

ఆ దగ్గు ఏమిటో ఆరేళ్లు దవాఖానలో పని చేసినదానికి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

పక్క గదామెను అడిగితే, "లక్ష్మి. ఒక్కతే ఉంటది," అంది. పేరు అది కాదు గదా, వెనక్కి పోదామనుకున్నాను. కాని నోట్లోంచి మాట వచ్చేసింది.

"కిష్టమ్మా."

ఆమె చేతులు ఆగిపోయాయి. తిరిగింది. మొదట నన్ను చూడలేదు. నా భుజం మీదుగా మెట్ల వైపు చూసింది, పిలిచిన మనిషి అక్కడున్నట్టు. మెట్ల మీద ఎవరూ లేరని తెలిశాక నా ముఖం చూసింది.

"ఎవరు పిలిచిండ్రు?"

"నేనే అక్కా."

"నీకెవరు చెప్పిండ్రు ఆ పేరు?"

దవాఖాన నుంచి వచ్చానని మాత్రం చెప్పాను. ఆమె లోపలికి పిలిచి పీట వేసింది. నీళ్లిచ్చి దూరంగా గోడకానుకుని కూర్చుంది, దగ్గు నా మీద పడకుండా కొంగు అడ్డం పెట్టుకుని.

వాళ్లది పాలమూరు జిల్లా. మొగుడితో కలిసి ఇటుకలు మోసే పనికి వచ్చింది. "సైటు మీద కిష్టమ్మలు ముగ్గురైతే కూలోళ్లను పనిల పెట్టే ముకాదమ్ నన్ను లక్ష్మి అని రాసుకుండు. గప్పటి సంది అందరికి లక్ష్మినే. మా ఆయన ఒక్కడు కిష్టమ్మ అని పిల్చేటోడు. ఆయన పోయి పన్నెండేండ్లాయె. ఈ బంబైల ఆ పేరు ఎవరికీ తెల్వదు," అంది.

దవాఖానకు ఎప్పుడైనా వచ్చావా అని అడిగాను.

"వచ్చిన. శనివారం సైటు పని జల్ది బంద్ అయితది. నాలుగు శనివారాలు వచ్చిన. మెట్ల కాడ నిలబడ్డ. లోపలికి పోతే పేరడుగుతరు. లక్ష్మి అని చెప్తే ముకాదమ్‌కు ఎరుకైతది, పనిల కెల్లి తీసేస్తడు. కిష్టమ్మ అని చెప్తే ఆమె ఎవరు అంటరు. ఏం చెప్పాల్నో సమజ్ కాలే. మర్లిపోయిన."

"ఎవరికైనా చెప్పావా అక్కా, నువ్వు వచ్చినట్టు?"

"ఎవరున్నరని చెప్పాలె?"

నాకు ఆమె మీద కాదు, నా మీద జాలి వేసింది. నేను రోజూ తాళం తీసే ఖోలీకీ, ఆ గదికీ పెద్ద తేడా కనబడలేదు. ఒక పీట, ఒక స్టవ్వు, ఒకే పళ్లెం.

సోమవారం నేనే దగ్గరుండి తీసుకొచ్చాను. కఫం పరీక్షలో జబ్బు బయటపడింది. ఇంకా ముదరలేదని, మందు వాడితే తగ్గుతుందని డాక్టర్ బాయి చెప్పింది. కార్డు రాసేటప్పుడు పేరు అడిగితే ఆమె నా వైపు చూసి, "కిష్టమ్మ," అంది. ఆ శనివారం ఆమెది కార్డు నంబరు ఉన్న పేరు. మందుకు వచ్చింది గనుక జాబితాలోకి రాలేదు. చివరన కొత్త పేరేమీ లేదు.

ఇక నేను రాసివ్వాల్సిన కాగితం మిగిలింది. పాత మిషనే ఉంచమని రాశాను. మళ్లీ టైపు చేయడం కష్టమని, తప్పులు దొర్లుతాయని, డాస్ ఇంకా నాకు అలవాటు కాలేదని కారణాలు పెట్టాను. ఒక్కటీ నిజం కాదు.

డాక్టర్ బాయి చదివి తలుపు వేయమంది. "నువ్వు ఆదివారాలు పోయి నేర్చుకుంటున్నది ఇదేగా. నీ చోట ఇంకెవరున్నా కొత్తది కావాలని గొడవ చేసేవాళ్లు. అసలు సంగతి చెప్పు," అంది.

చెప్పేశాను. చింపిన ముక్కతో సహా నాలుగు కాగితాలూ తెచ్చి బల్ల మీద పెట్టాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. పాత సిస్టమ్ తీసేస్తే, మెట్ల దగ్గరి నుంచి మర్లిపోయేవాళ్ల పేర్లు ఇక ఎవరు చెబుతారు అని అడిగాను. అడుగుతుంటే ఏడుపొచ్చింది.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని కాగితాలు ఒక్కొక్కటే చూసింది. "ఇది నేను నమ్మను. నీ వేళ్లే ఎక్కడో పొరపాటు పడి ఉంటాయి. కాని ఆ మనిషి నాలుగుసార్లు మన మెట్ల దాకా రావడం నిజం కదా. నువ్వు పని చేసే గది కిటికీలోంచి ఆ మెట్లు కనబడతాయి. ఎన్నిసార్లు చూశావు?"

నా బల్ల కిటికీకి వీపు పెట్టి ఉండేది. ఆరేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

"నేనూ చూడలేదు," అంది ఆమె. మరుసటి శనివారం నుంచి పోశవ్వ స్టూలు బయట మెట్ల పక్కన పడింది. వచ్చి నిలబడ్డవాళ్లను పేరు అడగకుండా లోపలికి తీసుకురావడం ఆమె పని. కొత్త మిషన్‌కు ఒప్పుకుంటూ దాతకు ఉత్తరం పోయింది. నా బల్లను కిటికీ వైపు తిప్పించారు.

కార్డులన్నీ మళ్లీ కొట్టడానికి మూడు నెలలు పట్టింది. కిష్టమ్మ మందుకు వచ్చిన రోజుల్లో నా పక్కన కాసేపు కూర్చునేది. ఆమెకు ఏడాది పాటు మందు సాగింది. దగ్గు పోయింది, ముఖం తేటపడింది. తర్వాత వాళ్ల తమ్ముడి ఊరికి వెళ్లిపోయింది. వెళ్లే ముందు రోజు ఆమెకు జరిగిందంతా చెప్పాను. అంతవరకు దాచాను, భయపడుతుందని. ఆమె భయపడలేదు. పెద్దగా ఆశ్చర్యపడినట్టు కూడా లేదు.

"ఎవరికో యాదికుంటి గదా," అంది.

కార్డులు కొట్టడం పూర్తయి పాత మిషన్‌ను ఆపిన శనివారం కొత్తదానితో పాటు దాని మీద కూడా జాబితా తీశాను. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాను. పేరుకు పేరు సరిపోయింది. అయినా ప్రింటర్ దగ్గరే నిలబడ్డాను, ఇంకొక వరుస వస్తుందేమోనని. రాలేదు. స్విచ్ ఆపాక గది ఎప్పుడూ లేనంత నిశ్శబ్దంగా అనిపించింది. పోశవ్వ వచ్చి పిలిచేదాకా అలాగే కూర్చున్నాను.

దవాఖాన మూతపడి చాలాకాలమైంది. నాలుగు కాగితాలు డాక్టర్ బాయి ఫైల్లోనే ఉండిపోయాయి. ఆ ఫైలు ఏమైందో తెలియదు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. నా వేళ్లే పొరపాటు పడ్డాయని అనుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. చిరునామా వరకు సరిపెట్టుకోవచ్చు, ఆ చాల్ నేను ఎరిగినదే. కాని పన్నెండేళ్లుగా బొంబాయిలో ఎవరూ పలకని ఒక పేరు నా వేళ్లకు ఎలా తెలుస్తుంది? ఎంత ఆలోచించినా అక్కడే ఆగిపోతాను. ఆ పేరు నేను కొట్టలేదు. ఎవరు కొట్టారో నాకు తెలియదు.