రాజుగారి కొండ ఇంటికి దిల్‌సుఖ్‌నగర్ దారి

నా చిన్నప్పుడు నేను చెప్పుల్లేకుండా ఆల్ప్స్ పర్వతాలకు వెళ్ళొచ్చాను. కనీసం ఏడాదిపాటు అలాగే నమ్మాను. ఆల్ప్స్ విషయంలో నాది అల్పబుద్ధేనని ఒప్పుకోవడానికి ఈ వయసులో సిగ్గేమీ లేదు.

ప్రత్యేక తెలంగాణ కోసం మొదటిసారి పెద్ద ఉద్యమం లేచి, బడులు మూతపడిన రోజులవి. గుంటూరు నుంచి వచ్చిన మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక నల్గొండ తాతయ్య ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. ఆయన మనవడూ నేనూ బడిలో ఒకే బెంచీ. ఒకరోజు వాడు "మీరు ఆంధ్రోళ్ళంట గదా" అని, ఇక నాతో మాట్లాడటం మానేశాడు. నాన్నగారేమో ఇల్లు ఖాళీ చేసే మాట ఎత్తారు. నాకు మాత్రం వాడొక్కసారి పలకరిస్తే చాలనిపించేది.

తాతయ్య ఒకప్పుడు ఒక నవాబుగారి కారు డ్రైవరు. ఆయన వెంట యూరప్ వెళ్ళి, ఆల్ప్స్‌లో ఒక రాజు కట్టుకున్న కొండ ఇల్లు చూసొచ్చాడట. ఒక మధ్యాహ్నం మా ఇద్దరినీ పిలిచి అక్కడికి తీసుకుపోతానన్నాడు. చెప్పులు విప్పించి, కళ్ళకు తువ్వాళ్ళు కట్టి, ఒకరి చెయ్యి ఒకరికి అందించాడు.

"చెయ్యి ఇడిస్తే లోయల పడ్తరు. మల్ల నన్నడగొద్దు."

పెరడంతా తిప్పి తిప్పి మెట్లెక్కించాడు. అరికాళ్ళ కింద జివ్వుమని మంచు తగిలింది. ముఖానికి చల్లటి గాలి కొట్టింది. అది గోనెసంచి మీద పెట్టిన మంచుగడ్డ అనీ, ఆ గాలి తడిపిన వట్టివేళ్ళ తడికలోంచి వస్తోందనీ నాకేం తెలుసు? గంతలు విప్పేసరికి కాళ్ళ కింద ఎర్రటి తివాచీ, గోడ నిండా నెమలి ఈకలు, రంగు అద్దాల్లోంచి నా చొక్కా మీదికీ వాడి చెంప మీదికీ జారుతున్న ఎండ. ఆ మేడగదిలోకి నేనంతకుముందు అడుగుపెట్టలేదు. తెరిచిన నోరు మూయడం మరిచిపోయాను.

"బయటికి ఉత్త కట్టె ఇల్లు. లోపల గిట్ల," అన్నాడు తాతయ్య. "రాజు తన పుట్టినరోజుకు గింత పైకెక్కి ఒక్కడే కూసునేటోడు. జర మాట్లాడెతందుకు ఒక్క దోస్తు లేడు."

నేను తాతయ్యను, ఇంటికి వెళ్ళే బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగాను. మనవడు కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ సాయంత్రం వాడు మా వంటింట్లో కూర్చుని పెసరట్టు తినడం చూశాక, నాన్నగారు ఖాళీ చేసే మాట మళ్ళీ ఎత్తలేదు.

తన గంత వదులుగానే ఉందని, దారంతా చూస్తూనే నడిచానని వాడు తర్వాతెప్పుడో చెప్పాడు. అన్నీ కనబడుతున్నా నా చెయ్యి వదల్లేదు. మనుషుల మీద విసుగొచ్చినప్పుడల్లా నాకు ఆ చెయ్యే గుర్తొస్తుంది.

కానీ బస్సు సంగతి మాత్రం వాడు నా పెళ్ళిలోనూ చెప్పాడు, నా రిటైర్మెంటు సభలోనూ చెప్పాడు. అందుకే మొన్నామధ్య ఇద్దరం నిజంగానే ఆ కొండ ఇల్లు చూడబోయినప్పుడు, గంట నడకేనని వాడికి చెప్పాను. నాలుగు గంటలు పడుతుందని నాకు ముందే తెలుసు. మోకాళ్ళు పట్టుకుని "ఇంకెంతరా?" అని వాడు అడిగినప్పుడల్లా, "ఆ మలుపు దాటితే వచ్చేసినట్టే" అన్నాను. దేవుడి దయవల్ల ఆ కొండకు మలుపులకేం లోటు లేదు.