కళాయి వేసిన పైకప్పు

ఇల్లంటే గోడలు కావు, మనసులు అని సభల్లో చెప్పేవాళ్ళకు సాధారణంగా సొంత ఇల్లు ఉంటుంది. ఏలూరులో గిన్నెలకు కళాయి వేసి బతికే నాగూరుకు అలాంటి ఉపన్యాసాలు వినే తీరిక లేదు. అతనికి గోడలే కావాలి. అవి తనతో పాటు ఊరూరా తిరిగే గోడలై ఉండాలి. అందుకోసమే 1934 చలికాలంలో అతను ఇంజను చచ్చిపోయిన మోటారు వ్యాను ఒకటి సంపాదించాడు.

వాళ్ళ తాతా కళాయే వేశాడు, తండ్రీ కళాయే వేశాడు. కుప్పలు నూర్చాక రైతుల ఇళ్ళలో ధాన్యం ఉంటుంది, నల్లబడ్డ ఇత్తడి గిన్నెల సంగతి చూసుకునే ఓపికా ఉంటుంది. అప్పుడు ఒంటెద్దు బండి కట్టుకుని బయల్దేరి, పెదపాడు మీదుగా కొల్లేటి చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ తిరిగి, వానలు ముదిరాక ఇల్లు చేరడం ఆ వంశంలో మగవాళ్ళ పద్ధతి. ఊరి మొదట్లో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తి ఊది, గిన్నెను బాగా కాల్చి, నవాసాగరం చల్లి, తగరం తాకించి, దూదితో ఒక్క తుడుపు తుడిస్తే లోపలంతా వెండిలా మారిపోతుంది. గిన్నె అప్పగించేటప్పుడు ఒక ఆచారం ఉంది. ఆ ఇంటి ఇల్లాలు దాన్ని రెండు చేతులా పట్టుకుని లోపలికి తొంగిచూస్తుంది. తన మొహం కనిపిస్తే పని అయినట్టు, లేకపోతే గిన్నె మళ్ళీ నిప్పుల మీదికి వెళుతుంది. అలా కొల్లేటి చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరి మొహాలూ గిన్నెల్లో తేలగా చూసిన నాగూరు, తన భార్య మొహం మాత్రం ఏడాదిలో సగం రోజులు కూడా చూడలేదు.

భార్య పేరు సకీనా. పిల్లలు లేరు. అతను ఊళ్ళు పట్టుకుని తిరిగినన్నాళ్ళూ ఆమె ఏలూరులో ఒక గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేది. దీన్ని కొందరు సహనం అన్నారు, కొందరు పాతివ్రత్యం అన్నారు. ఆమెను అడిగితే మాత్రం, విసుగు అని చెప్పేది. ముందటి వేసవిలో ఆమెకు విషజ్వరం వచ్చింది. తలుపు లోపల గడియ వేసి ఉంది. నీళ్ళకుండ గదికి ఆ మూల, ఆమె ఈ మూల. పక్కవాటా వాళ్ళు తలుపు విరగ్గొట్టి చూసేసరికి ఒంటి మీద తెలివి లేదు. నాగూరుకు కబురు అందే సరికి ఆమె లేచి కూర్చుని గంజి తాగుతోంది.

తాడేపల్లిగూడెంలో గాజుల కొట్టు పెట్టుకున్న ఆమె తమ్ముడు అబ్దుల్ సలాం వచ్చి కూర్చున్నాడు. మంచివాడే. మంచివాళ్ళకు సహజంగా ఉండే మొండితనం అతనికి కాస్త ఎక్కువ.

"బావా, ఇంక నా మాట వినండి. అక్క మా ఇంట్లో ఉంటది. మీరు వానాకాలం వచ్చి కూడా అక్కడే ఉండొచ్చు."

"నేను ఎవరింట్లోనూ ఉండను," అంది సకీనా. "ఆయన బండెక్కుతా."

"బండిలో ఆడకూతురు బతకడమేంటక్కా? నలుగురూ నవ్వరూ?"

"నేను జొరంతో పడున్నప్పుడు ఆ నలుగుర్లో ఒక్కడూ నీళ్ళియ్యలేదు గదరా. నవ్వనీ."

సలాం చాలాసేపు గునిసి, చివరికి ఒక గీత గీశాడు. ఒక్క వేసవి చూస్తాడు. ఈసారి అక్క మంచాన పడిందని తెలిస్తే తనే వచ్చి తీసుకుపోతాడు. ఆ తరువాత బండి ఊసెత్తకూడదు. నాగూరు సరేనన్నాడు. భార్య తనతో ఉంటుందా, తమ్ముడింట్లో ఒక మూల సర్దుకుంటుందా అన్నది ఇక అతని చేతిపనితో తేలాలి.

ఒంటెద్దు బండిలో మనిషి పడుకుంటే కాళ్ళు బయట ఉంటాయి. తాడేపల్లిగూడెంలోనే సుబ్బరాజు గారి రైసు మిల్లు వెనక పాత మోటారు వ్యాను ఒకటి కోళ్ళకు కాపురమై పడి ఉందని అతనికి తెలుసు. రాజు గారింట్లో పెళ్ళి వచ్చింది. వంట గుండిగలన్నిటికీ కళాయి వేసి, కూలి బదులు ఆ వ్యాను ఇప్పించమని అడిగాడు.

"దాన్నేం చేసుకుంటావయ్యా?" అన్నారు రాజు గారు.

"కాపురం పెడతానండి."

"కోళ్ళు ఒప్పుకుంటాయా?" అని ఆయన నవ్వి ఇచ్చేశారు.

ఇంజను మిల్లులోనే వదిలేసి, మిగిలినదాన్ని ఏలూరు తెచ్చి, బళ్ళు చేసే వడ్రంగి క్రీస్తుదాసు ముంగిట్లో దించారు. క్రీస్తుదాసు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఏం సాయిబూ, పెట్రోలు ఏమాత్రం తాగుద్దేంటి?"

"పూటకో గడ్డిమోపు."

"హారనో?"

"అది మా ఇంటావిడ చూసుకుంటది."

తాళ్ళు కట్టి పైకెత్తి, ఒంటెద్దు బండి ఇరుసు మీద వ్యానును కూర్చోబెట్టారు. ముందు అద్దం లేని కిటికీలోంచి ఎద్దు పగ్గాలు లోపలికి వచ్చేట్టు చేశారు. స్టీరింగు చక్రం ఎందుకూ పనికిరాదు కాబట్టి తీసేద్దామన్నాడు క్రీస్తుదాసు. నాగూరు ఒప్పుకోలేదు. అది ఉంటేనే మోటారు. నీళ్ళకుండకు ఉట్టి, గిన్నెలు జారకుండా అంచు ఉన్న అలమర, వెనక తిత్తి తగిలించుకోను కొక్కెం, ఒక్కొక్కటే అమిరాయి.

మంచం దగ్గర పని ఆగింది. కొలత కోసం సకీనాను గదిలో నేల మీద పడుకోమన్నాడు. తలదగ్గర బొగ్గుతో ఒక గీత, పాదాల దగ్గర ఒక గీత గీశాడు.

"నేనిలా వెల్లకిలా పడుకోనండీ," అందామె.

"మరి?"

ఆమె ఎడమపక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, చెయ్యి చెంప కింద పెట్టుకుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ సంగతి తనకు సరిగా తెలియదని నాగూరుకు అప్పుడే తెలిసింది. అతను బొగ్గుముక్క పట్టుకుని ఆమె చుట్టూ గీత గీశాడు. వీపు వెంట, మోకాళ్ళ వంపు వెంట, నెమ్మదిగా. ఆమెకు చక్కిలిగింత పుట్టి నవ్వింది. మంచం పొడవు తగ్గింది. వెడల్పు పెరిగింది.

మిగిలింది పైకప్పు. పాత కాన్వాసు చివికి పోయింది. ఇక్కడే నాగూరు, కళాయివాడు తప్ప ఇంకెవడూ చెయ్యని పొరపాటు చేశాడు. కిరసనాయిలు డబ్బాలు విప్పి, రేకులు చదును చేసి, తుప్పు గీకి, ఒక్కొక్క రేకూ నిప్పుల మీద కాల్చి, రెండు వైపులా కళాయి వేశాడు. తగరం ధరకు భయపడలేదు. వారం తిరిగి ఇంకో వారం పట్టింది. మిగతా కళాయి వాళ్ళు అప్పటికే ఊళ్ళు పట్టుకుపోయారు. అతని ధ్యాసంతా రేకుల మీదే ఉంది. కప్పు బిగించాక సకీనాను లోపల కూర్చోబెట్టి, పైకి చూడమన్నాడు.

ఆమె పైకి చూసింది. కప్పులోంచి ఆమె మొహం కిందికి చూసింది.

"పని అయినట్టేనా?" అన్నాడు.

ఆమె చెయ్యెత్తి రేకులో తన మొహాన్ని తడిమింది. లోకంలో మగవాళ్ళు భార్యలకు తాజమహళ్ళు కట్టిన కథలు చాలానే ఉన్నాయి గాని, అవన్నీ ఆ భార్యలు పోయాక కట్టినవి. ఇతను ముందే కట్టాడు. అందులో అతని తెలివి కనిపిస్తుంది.

వాళ్ళు బయల్దేరేసరికి ఫాల్గుణం వచ్చేసింది. మొదటి ఊళ్ళలో జాతర లాగా జనం మూగారు. మోటారు సాయిబు వచ్చాడన్నారు. కప్పు ఎంత మెరిసిందంటే పొలం గట్ల మీద మనుషులు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. సకీనా స్టీరింగు ముందు కూర్చుని, దారిలో పోయే ఎద్దుబళ్ళ వాళ్ళను పక్కకు తప్పుకోమని అరిచేది. కొల్లేరును ఆమె అప్పుడే మొదటిసారి చూసింది. ఇంత నీళ్ళు ఇక్కడ పెట్టుకుని, నాకు ఎప్పుడూ చేపల కబుర్లేనా చెప్పారని అతన్ని దెప్పింది.

తరవాత ఎండలు ముదిరాయి.

రేకు కాలింది. ఉదయం జాము పొద్దెక్కితే లోపల కూర్చోలేని స్థితి. బయట కూర్చుందామంటే కొల్లేటి గట్టున చెట్టు చాలా దూరం. సకీనా చెంబుతో నీళ్ళు తల మీద పోసుకునేది. తనకు చెమట పట్టడం చిన్నప్పటినుంచీ అలవాటేనని చెప్పేది. ఇలాంటి ఓర్పునే మనవాళ్ళు పొగుడుతారు. పొగడకుండా ఎవరైనా ఒక మాట అడిగి ఉంటే ముందే తెలిసేది. ఒక మిట్టమధ్యాహ్నం, ఒక ఊళ్ళో సుందరమ్మ గారనే ఆవిడ వాకిట్లో నాగూరు గంగాళం కాలుస్తుండగా, వ్యానులో ఏదో దొర్లిన చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే సకీనా కింద పడి ఉంది.

సుందరమ్మ ఆ ఊరి రైతు వీర్రాజు భార్య. గలగలా మాట్లాడే మనిషి. సకీనాను తన అరుగు మీద పడుకోబెట్టించి, మొహాన నీళ్ళు కొట్టి, ఉప్పు వేసిన మజ్జిగ తాగించింది.

"నీకేమన్నా మతుందా సాయిబూ? పెళ్ళాన్ని పెనం మీదేసి కాల్చుకు తింటావా?"

నాగూరు తల వంచుకున్నాడు.

"ఈవిడ వాళ్ళెవరున్నారు?"

"గూడెంలో తమ్ముడున్నాడండి."

"మా ఆయన పొద్దున్నే ధాన్యం బండితో గూడెమే పోతన్నాడు. కబురు చెప్పిస్తాను. వచ్చి తీసుకుపోతాడు."

అన్న మాటకు కట్టుబడి నాగూరు సరేనన్నాడు. చల్లబడ్డాక అతను వ్యాను ఎక్కి, సుత్తీ ఉలీ తీసుకుని, రేకు మేకులు పీకడం మొదలుపెట్టాడు. ఒక మేకు వచ్చింది. రెండోది వచ్చింది. కింద సకీనా వచ్చి నిలబడింది, గోడ పట్టుకుని.

"ఏం చేస్తున్నారు?"

"పీకేస్తున్నా."

"ఆ మేకు మళ్ళీ కొట్టండి."

"నిన్ను చంపబోయింది గదే ఇది."

"అది పీకితే మీరు పంపకపోయినా గూడెం నేనే పోతా. నాకోసం చేసిందొక్కటే ఉంది అది. దాన్నీ పీకుతారా?"

అతను సుత్తి పక్కన పెట్టి కప్పు మీదే కూలబడ్డాడు. రేకు ఇంకా వెచ్చగానే ఉంది.  వాకిట్లో అతను కళాయి వేసిన గంగాళం బోర్లించి ఉంది. సకీనా దానివైపే చూస్తోంది.

"ఏవండీ, మీరు కళాయి ఏ వైపు వేస్తారు?"

"లోపల."

"బయట?"

"బయటెందుకు? ఎటూ మసే గదా పట్టేది."

"మసి పట్టిందని ఎవరైనా గిన్నె తిరగ్గొట్టారా?"

"లేదు."

"మరి దీనికి బయట మెరుపెందుకండీ? నేనుండేది లోపల గదా."

నాగూరు తెల్లబోయాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చేస్తున్న పని అది. బయట మెరుపు పోతే పోనీ, రేకు మీద ఎండ పడకుండా ఏదైనా కప్పేస్తే చాలని అప్పుడు తోచింది.

కొల్లేటి ఊళ్ళలో తుంగకు కొదవ లేదు. సుందరమ్మ ఇంటి వెనక వసారాలో తుంగ చాపలు దొంతర్లుగా ఉన్నాయి. ఇంట్లో మిగిలిన ఇత్తడంతటికీ కళాయి వేసే ఒప్పందం మీద ఆమె చాపలు ఇచ్చింది. రేకు మీద వెదురు బద్దలు అడ్డం వేసి, జానెడు ఖాళీ వదిలి, దాని మీద జమ్ముగడ్డి మందంగా పరిచి, ఆ పైన చాపలు కట్టారు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీళ్ళు చల్లారు. మోటారు వ్యాను పోయి, గడ్డివామికి చక్రాలు మొలిచినట్టు తయారైంది. ఇక దాన్ని చూసి ఎవరూ మోటారు అనరు. నాగూరు దూరం నుంచి చూసుకుని ఒకసారి నిట్టూర్చాడు. స్టీరింగు మాత్రం అలాగే ఉంది.

కబురు అందిన సలాం నాలుగోనాడు ఏలూరు దాకా రైల్లో వచ్చి, అక్కణ్ణుంచి జట్కా మాట్లాడుకుని, మిట్టమధ్యాహ్నానికి దిగాడు. అక్క పెట్టె పెట్టుకోవడానికి జట్కాలో చోటు కూడా చూసుకుని వచ్చాడు. ఎండకు మొహం కందిపోయింది.

"అక్కేదీ?" అన్నాడు దిగుతూనే.

సకీనా వ్యాను వెనక తలుపులోంచి తొంగిచూసింది. "ముందు లోపలికి రా. తర్వాత తీసుకుపోదువుగాని."

అతను చెప్పులు విప్పి లోపలికి ఎక్కాడు. మంచం మీద కూర్చుని, మొదలుపెట్టాల్సిన మాటలు మొదలుపెట్టాడు. "చూడక్కా, మనం అనుకున్న మాట ప్రకారం..." ఉట్టి మీది కుండలోంచి ఆమె నీళ్ళు ముంచి ఇచ్చింది. తాగాడు. "మాటంటే మాటే బావా," అన్నాడు నాగూరుతో. నాగూరు తలుపు దగ్గర నిలబడి తల ఊపాడు. తడిచాప వాసనతో గాలి లోపలికి వచ్చింది. సలాం ఒక్క క్షణం నడుము వాలుస్తానని చెప్పి, అక్క కొలతకు చేసిన ఆ పొట్టి మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని ఒరిగాడు. మరుక్షణంలో గురక మొదలైంది.

సకీనా, నాగూరు బయట చక్రం నీడన కూర్చున్నారు. ఇద్దరికీ అన్నం సయించలేదు. జట్కావాడు రెండుసార్లు వచ్చి అడిగి వెళ్ళాడు. గుర్రం కూడా నిద్రపోయింది. ఎండ దిగాక లోపల మంచం కిర్రుమంది.

"బావా," అని సలాం గొంతు వినిపించింది. "పైన నా మొహం కనిపిస్తందేంటి?"

నాగూరు లేవబోతే సకీనా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"వంకరగా కూడా ఉంది," అన్నాడు సలాం.

"నీ మొహం వంకరైతే రేకేం చేస్తది?" అంది ఆమె అక్కడినుంచే. "కనిపించిందా లేదా, అది చెప్పు."

లోపల మంచం మళ్ళీ కిర్రుమంది.

"కనిపించిందిలే."

ఆ సాయంత్రం సలాం అక్కను తీసుకుపోయే సంగతి ఎత్తలేదు. సుందరమ్మ గారి దగ్గర రెండు తుంగ చాపలు తీసుకుని, జట్కాలో అక్క పెట్టె కోసం ఉంచిన చోట వాటిని నిలబెట్టి తాడుతో కట్టాడు. గాజుల కొట్టు మీద కూడా రేకే ఉందట.