రంగు చొక్కాలకు తలుపు తీసిన ఏడాది

కిల్‌బ్రాహన్‌లో కొత్త మనిషిని నీది ఏ ఫుట్‌బాల్ జట్టని ఎవరూ సూటిగా అడగరు. ఏ బడిలో చదివావని అడుగుతారు. బడి పేరు చెబితే చర్చి తెలుస్తుంది, చర్చి తెలిస్తే జట్టు తెలుస్తుంది, జట్టు తెలిశాక అతని పక్కన కుర్చీ లాక్కోవాలో వద్దో తేలిపోతుంది. గోల్ఫ్ క్లబ్బులో బార్ చూసుకునే లోర్న్ హ్యాడో ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ ప్రశ్నకు ఒకటే జవాబు చెబుతున్నాడు.

"నాది వానాకాలం చదువండీ."

"ఈ ఊళ్లో వానాకాలం కానిదెప్పుడయ్యా" అని అడిగినవాళ్లు నవ్వేవారు. నవ్వినవాళ్లు మళ్లీ అడగలేరు. అలా ఒక మనిషి తన జట్టేమిటో తెలియనివ్వకుండా ఆ ఊళ్లో ముసలివాడైపోవడం మామూలు విషయం కాదు. నీలం జట్టువాళ్లు, అంటే ప్రొటెస్టెంట్లు, అతని ఇంటిపేరు చూసి మనవాడే అనుకున్నారు. ఆకుపచ్చ జట్టువాళ్లు, అంటే క్యాథలిక్కులు, ఉపవాసాల రోజుల్లో అతను మాంసం ముట్టకపోవడం చూసి మనవాడే అనుకున్నారు. నిజానికి తండ్రి ఒక వైపు, తల్లి రెండో వైపు. జట్ల మధ్య ఆట ఉన్న రోజు ఆ ఇంట్లో రేడియో పెట్టేవారు కాదు.

క్లబ్బు గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో లోర్న్ భార్య నెట్టా అల్లిన బూడిదరంగు స్వెట్టర్లు ఆరు. ఎవరైనా ఫుట్‌బాల్ జట్టు చొక్కా వేసుకుని వస్తే, లోర్న్ ఒక్క మాట అనకుండా పెట్టె మూత తీసి ఒకటి చేతిలో పెట్టేవాడు. వేసుకుంటే లోపలికి, లేకపోతే ఇంటికి. పెద్ద పొట్టలవాళ్లు వాటిలో పట్టక నానా అవస్థ పడేవారు. అయినా వేసుకునేవారు. ఆ పెట్టె పుణ్యమా అని, బయట వీధిలో ఒకరినొకరు చూస్తే మొహం తిప్పుకునేవాళ్లు ఆ గదిలో ఒకే బల్ల దగ్గర సూపు తాగేవారు. స్కాట్లాండ్ పడమటి దిక్కున అలాంటి గదులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

రంగు చొక్కాలు వద్దన్న ఆ నిబంధన ఎందుకు వచ్చిందో క్లబ్బులో ఇద్దరికే తెలుసు. ఒకరు దాన్ని తెచ్చిన వాల్టర్ కర్కోప్. రెండోవాడు లోర్న్. లోర్న్‌కు తెలుసని వాల్టర్‌కు గుర్తు లేదు.

లోర్న్‌కు పదహారేళ్లప్పుడు, ఇక్కడికి ముప్పై మైళ్ల దూరంలో, అతని అన్న, ఎర్రజుట్టు మాల్కం, ఆట చూసి బస్సు కోసం నిలబడ్డాడు. మెడలో ఆకుపచ్చ కండువా, పైన గళ్ల అస్తరున్న కోటు. గాలికి కోటు గుండీ ఊడి కండువా బయటపడింది. నలుగురు చుట్టుముట్టారు. ఒకడు సీసాతో తల మీద కొట్టాడు. మాల్కం చావలేదు. చచ్చిపోయినా బాగుండేదని తల్లి ఒకే ఒక్కసారి అంది, అని మూడు రోజులు అన్నం ముట్టలేదు. పదమూడేళ్లు అతనికి లోర్నే తినిపించాడు, గడ్డం గీశాడు. మాట పోయింది, ఎడమ కన్ను పోయింది. ఆ పదమూడేళ్ల తర్వాత మాల్కం ఒక చలికాలం దగ్గుతూ పోయాడు. కొట్టినవాడు దొరకలేదు.

లోర్న్ క్లబ్బులో చేరిన మూడో ఏట వాల్టర్ భార్య పోయింది. సమాధి దగ్గర్నుంచి నేరుగా బార్‌కి వచ్చి, అందరూ వెళ్లిపోయేదాకా తాగి, వాల్టర్ తల దించుకుని మాట్లాడాడు. "ఇది నాకు పడ్డ శిక్షేనయ్యా లోర్న్. కుర్రతనంలో బస్సు స్టాపు దగ్గర ఒకణ్ణి సీసాతో కొట్టాను. ఎర్రజుట్టువాడు. కోటుకి లోపల గళ్ల అస్తరు. పడి లేవలేదు. బతికాడో చచ్చాడో కూడా కనుక్కోలేదు నేను." తెల్లారి అతనికి తానేమన్నాడో జ్ఞాపకం లేదు. లోర్న్ ఆ గళ్ల అస్తరు కోటును కొన్ని వందలసార్లు ఉతికినవాడు.

ఆ వారమే ఉద్యోగం మానేస్తానని ఉత్తరం రాసి జేబులో పెట్టుకున్నాడు. ఇవ్వబోయే రోజున, అప్పటి కెప్టెన్ వాల్టర్ కమిటీ ముందు లేచి, క్లబ్బు ఆవరణలో ఫుట్‌బాల్ రంగులు వద్దు అని ప్రతిపాదించాడు. కారణం అడిగితే మర్యాద అన్నాడు. లోర్న్ ఉత్తరం పొయ్యిలో వేశాడు. ఆ మనిషిని క్షమించలేదు, ఇప్పటికీ క్షమించలేదు. కానీ తలుపు దగ్గర నిలబడే పని దొరికింది. పెట్టె మూత తీసిన ప్రతిసారీ అన్న కోటు గుండీ పెడుతున్నట్టే ఉండేది. ఇది నెట్టాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇరవై ఆరేళ్ల తర్వాత ఆ నిబంధనను తీసేద్దామని లేచినవాడు వాల్టర్ కొడుకు స్టూవర్ట్. ఇప్పుడు కెప్టెన్ అతనే. మంచివాడు, కాస్త నోటి దురుసు, క్లబ్బు బతకాలని నిజంగా ఆరాటపడేవాడు. వార్షిక సమావేశంలో అతను అడిగినవాటిలో తప్పేమీ లేదు.

"మూడొందల మందిమి ఉండేవాళ్లం, ఇప్పుడు నూట ఎనభై. కుర్రాళ్లకి ఆదివారం వేసుకునే బట్ట జట్టు చొక్కానే. గుమ్మం దగ్గర ఆపి ముసలమ్మ స్వెట్టర్ తొడిగితే ఎవడొస్తాడు? కాలరున్న చొక్కా వేసుకున్నవాడు పెద్దమనిషి, లేనివాడు రౌడీనా? చొక్కా ఎవర్నీ కొట్టదు."

"ఆ స్వెట్టర్లో నువ్వు సాసేజిలా ఉంటావని నీ బాధ" అన్నాడు ఫెర్గల్ డెవానీ. వడ్రంగి, ఆకుపచ్చ జట్టు మనిషి, స్టూవర్ట్‌కు శనివారం ఆటలో జోడీ. గది గొల్లుమంది. "నేనూ నీ వైపే ఓటేస్తాన్లే. నా చొక్కా నీ చొక్కా కంటే అందంగా ఉంటుంది, చూసుకుని ఏడుద్దువుగాని."

అప్పుడు స్టూవర్ట్ మర్యాదకే బార్ వైపు తిరిగాడు. "లోర్న్ బాబాయ్, ఇన్నేళ్లు తలుపు కాసింది నువ్వు. నీకు ఓటు లేదు గానీ మాట ఉంది. ఏమంటావు?"

లోర్న్ వాల్టర్ వైపు చూశాడు. వాల్టర్ కిటికీలోంచి పద్దెనిమిదో గుంత వైపు చూస్తున్నాడు, అక్కడ ఎవరూ ఆడటం లేదు. లోర్న్ నోటి దాకా వచ్చింది. కానీ చెబితే కండువా రంగు చెప్పాలి. రంగు చెబితే ఇరవై తొమ్మిదేళ్లు ఎవరి వైపూ కాకుండా ఉన్న మనిషి ఒక్క మాటతో ఒక వైపు అయిపోతాడు. ఈ ఊరివాళ్లు మాత్రమే చేసే తప్పు అది. నిజం కంటే అది ఎవరి వైపు పడుతుందోనని ముందు భయపడతారు.

"కమిటీ ఎలా అంటే అలా" అన్నాడు.

అరవై నాలుగు, యాభై ఒకటి. నిబంధన పోయింది. పెట్టెను ఎవరో సామాన్ల గదిలో పడేశారు.

మొదటి వారం మూడు చొక్కాలు వచ్చాయి. హాస్యాలు, ఎత్తిపొడుపులు, ఫొటోలు. కొత్తగా పదకొండు మంది చేరారు కూడా. "చూశావా బాబాయ్, ఆకాశం ఊడిపడిందా?" అన్నాడు స్టూవర్ట్. లోర్న్ గ్లాసు తుడుస్తూ ఊడిపడలేదన్నాడు.

రెండో వారానికి కిటికీ పక్క బల్లలన్నీ నీలం, పొయ్యి పక్కవన్నీ ఆకుపచ్చ. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు. మామూలు చొక్కాతో వచ్చినవాళ్లు మధ్యలో కాసేపు నిలబడి, ఏదో ఒక వైపు వెళ్లి కూర్చునేవారు. శనివారం జోడీల కోసం టోపీలోంచి చీటీలు తీసే ఆనవాయితీ ఉండేది. ఇప్పుడు తీసినవాళ్లు గోడ వారకు వెళ్లి చీటీలు మార్చుకుంటున్నారు. ఐదో గుంత దగ్గర మడుగులో ఒక ఆకుపచ్చ చొక్కా తేలింది, చేతులు రెండూ కత్తిరించి ఉన్నాయి. డెవానీ దాన్ని చూసి నవ్వలేదు. మర్నాడు స్టూవర్ట్ లాకరు తలుపు మీద మేకుతో గీసిన మాట ఒకటి కనిపించింది. లోర్న్ దాన్ని గరుకు కాగితంతో రుద్దాడు గానీ అక్షరాలు లోతుగా ఉన్నాయి.

"వాల్టర్‌తో మాట్లాడు" అంది నెట్టా. "కనీసం వాడికి తన కొడుకు గురించి భయం ఉండాలి కదా."

ఒక మధ్యాహ్నం వెళ్లి వాల్టర్ బల్ల దగ్గర నిలబడ్డాడు కూడా. "వాల్టర్ గారూ, మీరు ఆ నిబంధన ఎందుకు పెట్టారో అబ్బాయికి చెప్పొచ్చు కదా."

వాల్టర్ మొహంలో రక్తం లేదు. "మర్యాద కోసమయ్యా" అన్నాడు. "ఇంకేముంటుంది." చల్లారిన సూపును చెంచాతో కలుపుతూనే ఉన్నాడు. లోర్న్‌కు జాలి వేసింది, అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అక్టోబరులో రెండు జట్ల ఆట వచ్చింది, ఆదివారం మిట్ట మధ్యాహ్నం. ఆ రోజు క్లబ్బు టీవీ ఎప్పుడూ పెట్టేది కాదు. ఈసారి కమిటీయే పెట్టించింది. పదకొండింటికల్లా గది నిండిపోయింది. గోల్ఫ్ ఆడటానికి ఒక్కడూ రాలేదు. లోర్న్ గాజు గ్లాసులు తీసేసి ప్లాస్టిక్‌వి పెట్టాడు.

"ఏంటి పెద్దాయనా, చంటిపిల్లలమా మేము?" అన్నాడు డెవానీ.

"గ్లాసులు కడిగే ఓపిక లేదు" అన్నాడు లోర్న్.

ఆఖరి నిమిషంలో నీలం జట్టుకు పెనాల్టీ ఇచ్చారు. అది న్యాయమా కాదా అని ఇప్పటికీ ఆ ఊళ్లో అడగకూడదు. గోలు పడింది. కిటికీ వైపు నుంచి పాట లేచింది, ఆకుపచ్చవాళ్ల రక్తంలో మోకాళ్ల దాకా దిగామనే పాత పాట. పొయ్యి వైపు ఒక్కరూ కదల్లేదు, దానికే భయం వేసింది లోర్న్‌కు. పాట అయ్యాక స్టూవర్ట్ గ్లాసెత్తి, "సాసేజి గెలిచిందిరా ఫెర్గల్" అన్నాడు. మామూలు రోజుల్లో అది నవ్వే మాటే. డెవానీ లేచి వచ్చి ఆ గ్లాసు లాక్కుని స్టూవర్ట్ గుండె మీద ఒంపాడు, తొందర లేకుండా, అంతా అయ్యేదాకా.

"బయటికి రా" అన్నాడు.

"పద" అన్నాడు స్టూవర్ట్. గోడకు ఆనించిన సంచీలోంచి ఒక ఇనుప గోల్ఫ్ కర్ర లాగాడు. పొయ్యి పక్కన ఇంకో నలుగురు తమ సంచీల వైపు చెయ్యి చాచారు. ఇరవై ఏళ్లుగా ఒకరి బంతిని ఒకరు పొదల్లో వెతికిపెట్టిన మనుషులు.

లోర్న్ బల్ల దాటి వచ్చి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"తప్పుకో బాబాయ్."

"తప్పుకోను. ముందు నా మాట విను. చొక్కా ఎవర్నీ కొట్టదన్నావు కదా. మా అన్న మాల్కం ఒక కండువా వేసుకుని బస్సు కోసం నిలబడ్డాడు. ఇరవై ఏళ్లు వాడికి. సీసాతో తల పగలగొట్టారు. పదమూడేళ్లు నేను చెంచాతో తినిపించాను. మా అమ్మ వాడికంటే ముందే పోయింది, అది చూళ్లేక." కిటికీ దగ్గర కూర్చున్న వాల్టర్ వైపు చెయ్యి చూపించాడు. "కొట్టినవాడు మీ నాన్న, స్టూవర్ట్. నాకు తనే చెప్పాడు, తాగిన మైకంలో. అందుకే పెట్టాడు ఆ నిబంధన. నువ్వు ఆ ఇనుము పట్టుకుని బయటికెళ్తే నువ్వూ అంతే. డెవానీ కొట్టినా అంతే. కింద పెట్టండి. దయచేసి కింద పెట్టండి."

స్టూవర్ట్ వెనక్కి తిరిగి తండ్రిని చూశాడు. చేతిలో ఇనుము నేల మీదకు వాలింది. ఆ క్షణంలో లోర్న్, పని జరిగింది, ఆగిపోయింది అనుకున్నాడు.

కిటికీ దగ్గర వాల్టర్ చెంచా పక్కన పెట్టాడు. "మాల్కం" అన్నాడు నెమ్మదిగా. "వాడి పేరు మాల్కమా." అతని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

డెవానీ లోర్న్ భుజం మీద చెయ్యి వేశాడు, చాలా మెత్తగా. "కండువా ఏ రంగు, పెద్దాయనా?"

"రంగుతో పని లేదు ఫెర్గల్."

"మావాడేనా?"

లోర్న్ నోరు మెదపలేదు. మెదపకపోవడమే జవాబయింది. పొయ్యి దగ్గర ఎవరో, లోర్న్ మనవాడేరా, ఇన్నాళ్లూ ఆ ముసలాడికి సూపు పోశాడు అన్నారు. ఇంకెవరో పేరు పలికారు. మాల్కం. మళ్లీ ఇంకొకరు. వాళ్లెవరూ ఆ ఎర్రజుట్టును చూసినవాళ్లు కాదు.

"నేను దీనికోసం చెప్పలేదు" అన్నాడు లోర్న్. "మిమ్మల్ని ఆపడానికి చెప్పాను."

"తెలుసు" అన్నాడు డెవానీ. "నువ్వింక పక్కకి జరుగు. నీ పని మేం చూసుకుంటాం."

అతను ఇప్పుడు స్టూవర్ట్ వైపు చూడటం లేదు, తలుపు వైపూ చూడటం లేదు. కిటికీ వైపు చూస్తున్నాడు. స్టూవర్ట్ వాలిన ఇనుమును మళ్లీ రెండు చేతులా ఎత్తి తండ్రికి అడ్డంగా వెళ్లాడు. అతని వెనుక నీలం బల్లలన్నీ ఒక్కసారే లేచాయి, ఎదురుగా పొయ్యి వైపు కుర్చీలు వెనక్కి జరిగాయి. ఆ గదిలో వాల్టర్ తప్ప ఇంకెవరూ కూర్చుని లేరు.