మొగిలమ్మ ఆకుపచ్చ చీర

మొగిలమ్మ వరంగల్లో ఒక పళ్ళ దవాఖానలో ఆయా. ఆమెది దేవతలాంటి ఓపిక అని తర్వాత మెచ్చుకున్నవాళ్ళున్నారు. ఉత్త మాట. ఆమెకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. ఆమెను నడిపింది భయం.

ఆ భయం 1974 నాటిది. తొర్రూరు నుంచి మాటరాని పిల్లవాణ్ని తెచ్చారు. దుప్పట్లో చుట్టి, నలుగురు పట్టుకుని పన్ను పీకారు. కాళ్ళు పట్టుకున్నది మొగిలమ్మే. ఆ తర్వాత వాడు బువ్వకు కూడా నోరు తెరవలేదని, ఎండాకాలం దాటలేదని కబురొచ్చింది.

1981లో రఘునాథపల్లి ఖతీజాబీ తన తొమ్మిదేళ్ళ కూతురు షహజాదీని తీసుకొచ్చింది. పిల్ల మాట్లాడదు, ఎవరి ముఖమూ చూడదు, మిషను చప్పుడైతే తల గోడకు కొట్టుకుంటుంది. ఆటిజం అన్న మాట అప్పటికి మా ఊళ్ళో ఎవరి నోటా లేదు. గాలి సోకిందన్నారు, తల్లి చేసుకున్న పాపమన్నారు. పై దవడలో పాలపన్ను పుచ్చి చీము పట్టింది.

"సూదులకు తగ్గకపోతే కంటికి ఎక్కుతది. కట్టేసి పీకుదాం," అన్నాడు డాక్టర్ లక్ష్మీనారాయణ.

"శనివారం దాక ఆగు సారూ. మచ్చిక చేసుకుంట."

కాంపౌండర్ సారయ్య నవ్వాడు. "పిల్లనుకున్నవా, బర్రెనుకున్నవా?"

"బర్రెకు నీకన్న తెలివున్నది తియ్."

నిజానికి ఆమె చదువంతా బర్రెల దగ్గరే. పాలకుర్తిలో ఉన్నప్పుడు రోజూ అదే వేళకు, అదే పక్కన కూర్చుని, అదే వరసలో చెయ్యి వేస్తేనే బర్రె పాలు చేపేది. ఇక్కడా అంతే. సోమవారం కుర్చీ మాత్రమే. మంగళవారం కుర్చీ, చెంచా. పెదవి మీద చెంచా పెట్టి పది లెక్కపెట్టేది. పది అనగానే తీసేసేది. పదకొండు లేదు. బుధవారం చెంచా నోట్లోకి పోయింది. గురువారం డాక్టరు వేలు పోయింది. నొప్పి ఉండదని పిల్లతో మాత్రం మొగిలమ్మ ఎన్నడూ చెప్పలేదు.

వాపు కూడా తన పని తాను చేసుకుపోయింది. సోమవారం పెదవి మీద ఉన్నది బుధవారానికి చెంప నిండింది. శుక్రవారం కన్ను సగం మూసుకుపోయింది.

"రేపు పొద్దున ఆఖరు. ఆ తర్వాత నా చేతుల లేదు," అన్నాడు డాక్టరు.

శనివారం పై ఆఫీసరు తనిఖీ. ఆయాలంతా తెల్ల చీరలు కట్టాలని హుకుం. మొగిలమ్మ కొత్త తెల్ల చీరలో గదిలోకి వచ్చింది. షహజాదీ ఒక్క అరుపు అరిచి కుర్చీలోంచి దూకి, నుదురు గోడకేసి కొట్టుకుంది. రక్తం కారింది.

"ఏమైంది బేటీ? అక్కనే గద!" అని తల్లి ఏడ్చింది.

ప్రేమ గుర్తుపడుతుందనే కబుర్లు పక్కన పెట్టండి. ఆ పిల్లకు మొగిలమ్మ ముఖం తెలియదు. అయిదు రోజులుగా చూసింది ఆమె రోజూ కట్టుకొచ్చిన ఆకుపచ్చ చీరను.

"దుప్పటి తే," అన్నాడు డాక్టరు సారయ్యతో.

దుప్పటి అనగానే మొగిలమ్మకు తొర్రూరు పిల్లవాడు, ఆ వెంటనే పాలకుర్తి బర్రె గుర్తొచ్చాయి. ఆమె పుట్టింటికి పోయిన రోజుల్లో మొగుడు గట్టయ్య ఆమె చీర చుట్టుకుని బర్రెను పిండేవాడు. వాడకట్టంతా నవ్వేది, బర్రె మాత్రం చీరను చూసి చేపేది. ఇంత తెలిసీ ఎట్లా మరిచింది?

పక్క గదిలోకి ఉరికి, సంచిలోని పాత ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. సారయ్య దుప్పటి విప్పి నిలబడే ఉన్నాడు. షహజాదీ చీర అంచు చూసింది. నెమ్మదిగా వచ్చి కుర్చీ ఎక్కింది.

మందు దూది పెట్టి, లెక్క మొదలైంది. పది వచ్చింది. పన్ను రాలేదు.

"ఇంకో రెండు లెక్కపెట్టు, వస్తాంది!"

"చెయ్యి తియ్యి సారూ."

"కన్ను పోతది మొగిలమ్మా!"

"తియ్యి!" ఆమె అతని మణికట్టు పట్టి లాగేసింది.

షహజాదీ రెండు చేతులతో చీర కొంగు పిడికిట బిగించింది. కాసేపటికి తనే నోరు తెరిచింది. రెండో లెక్క ఎనిమిది దగ్గర పన్ను ఊడింది, వెనకే చీము.

గడపలో ఆఫీసరు నిలబడి ఉన్నాడు. "ఈమె తెల్లచీర ఏది? ఇంకొకసారి ఇట్ల కనపడితే ఉద్యోగం ఉండదు."

డాక్టరు చేతులు కడుక్కుంటూ, ఎటూ చూడకుండా అన్నాడు: "అవతలి పక్క ఇంకో మూడు పుచ్చినయి."

ఖతీజాబీ కూతురి పిడికిలి విప్పి కొంగు బయటికి తీసింది. గుడ్డ పల్చబడి, దాని వెనక తన వేళ్ళు కనబడుతున్నాయి.

"అక్కా, ఇదెన్ని పొద్దులు ఆగుతది?"

మొగిలమ్మ అప్పటికే సూదీ దారం కోసం వెతుకుతోంది.