రోజుకో సారు

జీవరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని కొవ్వూరులో ఒక ప్రైవేటు స్కూలుకి డెమో క్లాసు చెప్పడానికి బయల్దేరాడు. "ఈసారి వచ్చేసినట్టేనమ్మా. ప్రిన్సిపాల్ గారే ఫోన్ చేసి పిలిచారు" అన్నాడు. వాళ్ళమ్మ ఏసమ్మ ప్రార్థన ముగించి, నడుం పట్టుకుని లేచింది. వరి ఊడ్పుల్లో వంగి వంగి ఆ నడుం తిన్నగా నిలబడటం ఎప్పుడో మానేసింది.

బి.ఇడి. అయినప్పటినుంచీ జీవరాజు డెమోలు చెబుతూనే ఉన్నాడు. ద్రాక్షారామంలో చెప్పాడు, జంగారెడ్డిగూడెంలో చెప్పాడు. అందరూ బాగుందన్నారు. ఫోన్ చేస్తామన్నారు. ఇంగ్లీషు అతనికి ఎవరూ నేర్పలేదు. చర్చి గదిలో చెదలు తినగా మిగిలిన పుస్తకాలు చదివి నేర్చుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదు.

కొవ్వూరు స్కూల్లో ఎనిమిదో తరగతి. ఆవేళ పాఠంలో వచ్చిన మాట 'అస్యూమ్'.

"రుజువు చూడకుండానే ఇది నిజమని మనసులో ఖాయం చేసేసుకోవడం" అన్నాడు, బోర్డు మీద రాసి. "మబ్బు చూసి వాన రావచ్చంటే గెస్. ఆకాశం వంకైనా చూడకుండా గొడుగు పట్టుకు బయల్దేరితే అస్యూమ్. ఏదీ, ఒక వాక్యం చెప్పండి?"

సుప్రియ అనే పిల్ల లేచింది. "వి అస్యూమ్ యు విల్ నాట్ కమ్ టుమారో, సార్."

క్లాసంతా గొల్లుమంది. అతనూ నవ్వాడు. "ఎందుకు రాననుకున్నావమ్మా?"

"ఆశాజ్యోతి టీచర్ గారు కాన్పుకి వెళ్ళారు కదండీ. అప్పట్నుంచీ రోజుకో సారు డెమోకి వస్తున్నారండి. మీరు కూడా బాగానే చెప్తున్నారండి" అంది ఓదార్పుగా.

"టీచర్ గారు వచ్చేనెల వచ్చేస్తారంటండి!" వెనక బెంచీ అరిచింది.

జీవరాజు బోర్డు మీది ఆ మాట తుడిచేశాడు. "అయితే అది అస్యూమ్ కాదమ్మా. నీకు రుజువుంది. దాన్ని తెలియడం అంటారు" అని, గంట మోగేలోగా పాఠం పూర్తిచేశాడు. ఆశాజ్యోతి టీచర్ గారి ఖాళీ పీరియడ్ పైసా ఖర్చు లేకుండా నిండింది.

"చాలా బాగా చెప్పారండి. ఫోన్ చేస్తామండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు, చేతులు జోడించి మరీ.

అసలు ఉద్యోగం ఖాళీ ఉందా అని అడగవలసింది. "అలాగేనండి" అన్నాడు.

ఏసమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఎప్పట్నుంచి రమ్మన్నార్రా?"

అతను తలొంచుకుని చెప్పులు విప్పాడు. ఆమెకు అర్థమైంది. "మా కూలీల ముఠా మేస్త్రి వెంకటదుర్గకి చెప్పేశాన్రా, ఈ ఊడ్పులకి రానని. మావాడు సారైపోయాడన్నాను. నా బదులు బుల్లియ్య కోడల్ని పెట్టేసుకుంది."

"నిన్నెవరు చెప్పమన్నారే?"

"నువ్వేగా, వచ్చేసినట్టే అన్నావు."

చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, బతిమాలుకోవడానికి వెంకటదుర్గ ఇంటివైపు నడిచింది. జీవరాజు చొక్కా విప్పి, రేపటికి నలగకుండా మేకుకి తగిలించాడు.

ఫోన్ మోగింది. తణుకులో ఏదో స్కూలు. రేపు డెమోకి రాగలరా అన్నారు.

మీ దగ్గర టీచర్ గారెవరైనా సెలవులో ఉన్నారాండీ అని అడగబోయి, "వస్తానండి" అన్నాడు.